టైలరమ్మ రబ్బరు మొక్క

టైలరమ్మ మిషను పక్కన, కిటికీ దగ్గర, కుండీలో రబ్బరు మొక్క ఉంటుంది. పొద్దున్నే మిషనుకు నూనె వేశాక ఒక్కో ఆకునూ అరచేతిలో ఆనించుకుని, పసిపిల్ల మొహంలా తడిగుడ్డతో తుడుస్తుంది. కొసన ఎర్రగా చిగురు పొడుచుకొస్తే మాత్రం, కుట్టు చివర దారాన్ని తెంపినంత మామూలుగా తుంచేస్తుంది. పాలు కారితే అదే గుడ్డతో అద్దుతుంది. మొన్న ఆడపడుచు చూసి కసిరింది. "ఇదేం పని వదినా! చిగురు తుంచితే మొక్క బతుకుతుందా?"

"కొత్తాకు వచ్చినప్పుడల్లా కిందాకు పండి రాలిపోతోంది. పైవన్నీ అమ్మాయి పోయాక వచ్చినవే. తన చేత్తో తుడిచిన ఆకు ఇదొక్కటే మిగిలింది."

చూపించబోయి వేలితో ఎత్తగానే, పసుపు తిరిగిన ఆ ఆకు తొడిమతో సహా చేతిలోకి వచ్చేసింది. టైలరమ్మ గుడ్డ తడిపి, దాన్ని రెండువైపులా తుడిచింది.