వెదురు కర్ర మీది గాట్లు

రెండు వేల దశకం మొదట్లో పుంగనూరు దగ్గర మా పల్లెలో బోర్లన్నీ ఎండిపోయాయి. నేను చదివింది అయిదో తరగతే. బావులు తవ్వినచోట ఎంత మట్టి తీశారో కొలవడం మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. నేను కొలిచింది మళ్లీ ఎవరూ కొలిచేవాళ్లు కాదు.

ఆ వేసవిలో దినానికి నాలుగు ట్యాంకర్ల నీళ్లు మా ఊరి సంపులో పోయాలని ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఎన్ని ట్రిప్పులు వచ్చాయో రిజిస్టరులో రాసి, ఊరివాడొకడు సాక్షి సంతకం చేయాలి. సర్పంచి ఆ పని నాకు అప్పగించాడు. ఎన్నికల్లో ఆయన కోసం ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి నేను.

ట్యాంకరు నీళ్లు పోయగానే వెదురు కర్ర ముంచి లోతు చూసేవాణ్ణి. ట్యాంకరుకొక గాటు పెట్టేవాణ్ణి. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు, నీళ్లకు జ్వరం చూస్తున్నానా అని నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వేది మా పక్కింటామె. మొగుడు పోయాక రెండు పాడి ఆవులతో ఇల్లు నడుపుతూ ఉండేది. ఆవుకు దినానికి ఎన్ని బిందెలు కావాలో నాచేతే లెక్క కట్టించింది. రెండింటికీ కలిపి ఎనిమిది. ఆమెకు దొరుకుతున్నవి, ఇంటి వాడకంతో సహా, అయిదు.

వారం తిరిగేసరికి కర్ర మీద పద్నాలుగు గాట్లున్నాయి. శనివారం సర్పంచి తెచ్చిన రిజిస్టరులో ఇరవై ఎనిమిది ట్రిప్పులున్నాయి. అడిగితే, మిగతావి పై పల్లెలకు పోతున్నాయనీ, వాళ్లకు వేరే రిజిస్టరు రాలేదనీ చెప్పాడు. ఆపైన మెల్లగా అన్నాడు:

"నీ సంతకముంటే ఎవురూ మళ్లీ లెక్క పెట్టరప్పా."

అది నాకు పొగడ్తగా వినిపించింది. సంతకం చేశాను.

రెండో వారంలో మదనపల్లె పోతూ, సర్పంచి టమాటా తోటలో ట్యాంకరు నిలబడి ఉండటం బస్సులోంచి చూశాను. చుట్టూ అంతా బీడు, ఆ తోటొక్కటే పచ్చగా ఉంది. ఆ శనివారమూ సంతకం చేశాను. ఆ తర్వాత ఇంకో రెండు శనివారాలు.

పక్కింటామె ఒక ఆవును సంతలో అమ్మేసింది. రెండోదాన్నయినా నిలుపుకోవాలని మదనపల్లె ఆఫీసుకు పోయి అర్జీ ఇచ్చింది. అధికారి జీపులో వచ్చి పంచాయతీ ఆఫీసులో కూర్చున్నాడు. సర్పంచి ఆయన పక్కనే ఉన్నాడు. దినానికి వచ్చేవి రెండు ట్యాంకర్లేనని ఆమె చెప్పింది. అధికారి రిజిస్టరు తిప్పి నా సంతకం చూపించాడు. సాక్షి నేనేనని తెలిసి ఆమెకు ధైర్యం వచ్చినట్టుంది, నా వైపు తిరిగింది.

"అన్నా, నీ కట్టె మీద గాట్లుండాయి కదా. నువ్వే చెప్పు, దినానికి ఎన్ని వస్తాండాయి?"

గాట్లు యాభై ఆరు. పుస్తకంలో నూట పన్నెండు. నిజం చెబితే ముందు దొరికిపోయేది నేనే.

"రాసుండేదే సార్. నాలుగు."

నన్నెవరూ తిట్టలేదు. సంపు దగ్గర నవ్వడం మాత్రం మానేశారు.

వానలకు ముందే ఆమె రెండో ఆవునూ అమ్మి కుప్పం పోయింది. సర్పంచి మళ్లీ గెలిచాడు. కొన్నేళ్లకు కుప్పం స్టేషన్లో ఆమె కనిపించింది. మా ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగింది. ఏం పని చేస్తున్నావని అడిగాను.

"గ్రానైటు పలకలు లెక్కబెట్టే పనన్నా. ఒకటి తప్పు రాసినా ఈడ ఒప్పుకోరు."

బెంగళూరు బండి వచ్చింది. ఆమె ఎక్కింది. నేను ఎక్కాల్సింది కూడా ఆ బండే. ఎక్కలేదు.