బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. నన్ను పెళ్లి చేసుకుంటానన్న మనిషికీ చెప్పలేదు, చెప్పలేకే అతనికి దూరమయ్యాను. ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను గన్నవరంలో పుట్టాను. మూడో క్లాసులో ఉండగా మావాళ్లు కెనడా తీసుకెళ్లిపోయారు. అక్కడే పెరిగాను, అక్కడి పౌరురాలినయ్యాను. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే అమ్మ పలికేది కాదు, అందుకని భాష మిగిలింది. డిగ్రీ అయ్యాక అమెరికా చూడాలని బయల్దేరాను. చవక ప్రయాణం. ఊరూరా బస్సులు, హాస్టళ్లలో ఒకదాని మీద ఒకటి మంచాలు, పీనట్ బటర్ రాసిన బ్రెడ్డు, ఆదివారం ఏ గుళ్లోనో గురుద్వారాలోనో కడుపు నిండా భోజనం.

అప్పట్లో నాకు రాజకీయాల పిచ్చి. బస్సులో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లతో వాదన పెట్టుకునేదాన్ని. ఎన్నికలు, తుపాకులు, ఆసుపత్రి బిల్లులు, సరిహద్దు గోడలు. 'మా కెనడాలో ఇలా ఉండదు' అన్నది నా ఊతపదం. ఒకసారి ఓ ముసలి లారీ డ్రైవరు నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, ఈ దేశం గురించి మాట్లాడి వెళ్లిపోయే వీలు నీకుంది, మాకు లేదు అన్నాడు. ఆయనకేమీ తెలియదనుకున్నాను. ఆ మాట కూడా నా బ్లాగులో ఎగతాళిగా రాశాను.

షికాగోలో ఒక హాస్టల్ వంటగదిలో ఆమె కనబడింది. డబ్బా చేపలతో పులుసు పెట్టడానికి చింతపండు నానబెడుతోంది. ఆ వాసనకే వెళ్లి పలకరించాను. ఆమెను నాగలక్ష్మి అందాం. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. కంకిపాడు వాళ్లు, కొల్లేటి చేపల వ్యాపారం. చదువుకోడానికి వచ్చింది. చేరిన కాలేజీకి గుర్తింపు పోయింది, దానితో పాటే ఆమె వీసా పోయింది. ఇంకో చోట సీటు కోసం తిరుగుతోంది. నాకంటే కొంచెం పెద్దది. లక్ష్మక్కా అని పిలిచాను. ఆ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ నాకు అన్నం పెట్టింది. ఎక్కడెక్కడికో వెళ్లాను గానీ, ఆ దేశంలో నాకు తలంటు పోసిన మనిషి ఆమె ఒక్కతే.

నయాగరా చూద్దాం రమ్మన్నది నేనే. ఇది గుర్తుపెట్టుకోండి. ఆమె రానంది.

"వద్దమ్మాయ్, సరిహద్దు దగ్గరికి నాబోటోళ్లు వెళ్లకూడదంటారు. బస్సుల్లోకి ఎక్కి కాగితాలు అడుగుతారంట."

"నువ్వు భయపడటమే వాళ్లకి కావాలి అక్కా. నువ్వు భయపడితే వాళ్లు గెలిచినట్టే. అయినా నేను పక్కనే ఉంటాగా!"

ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది. "సర్లే, నువ్వున్నావుగా" అంది.

ఎవరి భయం గురించి ఎవరు మాట్లాడారు? నా జేబులో పాస్‌పోర్టు ఉంది కాబట్టి ఆ ధైర్యం నాకు చవగ్గా దొరికింది.

బయట మంచు. బస్సులో హీటరు సరిగా పనిచెయ్యడం లేదు. లక్ష్మక్క తన కోటు విప్పి ఇద్దరి కాళ్ల మీదా కప్పింది. ఏదో చిన్న ఊళ్లో బస్సు ఆగితే యూనిఫారాల్లో ఇద్దరు సరిహద్దు అధికారులు ఎక్కారు. ముందు సీట్ల నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. నా పాస్‌పోర్టు చూసి తిరిగిచ్చాడు ఒకతను. తర్వాత మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీరిద్దరూ కలిసి వెళ్తున్నారా?"

"లేదు" అన్నాను.

"ఈమె మీకు తెలుసా?"

"తెలియదు."

గట్టిగా అడగలేదు అతను. బెదిరించలేదు. మర్యాదగానే అడిగాడు. ఎందుకలా అన్నానో ఇన్నేళ్లూ తవ్వుకుంటూనే ఉన్నాను. నేనే తీసుకొచ్చానని నా మీదికి వస్తుందనా? మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరనా? అవన్నీ తర్వాత కూర్చుకున్న కారణాలు. ఆ క్షణంలో నాకే ఆలోచనా లేదు, అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నేనింత కాలం నమ్మానని చెప్పుకున్నవన్నీ ఒక్క ప్రశ్నకి ఎలా ఆవిరైపోయాయి?

అతను ఆమెనూ అదే అడిగాడు. ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు. అర్థమైనట్టు.

"తెలియదు సర్. సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను" అంది.

నా అబద్ధానికి ఆమె కాపలా కాసింది.

ఆమె కాగితాలు చూసి దిగమన్నారు. లేచి నిలబడింది. కోటు నా ఒళ్లో ఉంది. ఒక్కసారి దానివంక చూసి, తీసుకోకుండానే వెళ్లింది. తీసుకుంటే మేమిద్దరం ఒకటేనని తెలిసిపోతుంది కదా. 'నీ కోటు' అని నేనైనా అనొచ్చు. అనలేదు. కిటికీలోంచి చూస్తుంటే, మంచులో చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉంది. నా కాళ్లు వెచ్చగా ఉన్నాయి.

నయాగరాకి వెళ్లాను. అవును, వెళ్లాను. ఫొటోలు కూడా తీసుకున్నాను. ఆ కోటు అక్కడి హాస్టల్లో ఒక కొక్కానికి తగిలించి వచ్చేశాను.

ఇంతవరకే అయితే పిరికిదాన్ని అని సరిపెట్టుకునేదాన్నేమో. ఆ తర్వాత చేసినది పిరికితనం కాదు. ఇంటికెళ్లి నా బ్లాగులో ఒక వ్యాసం రాశాను. బస్సులో నా పక్కన కూర్చున్న ఒక అపరిచితురాలిని దించేశారని రాశాను. నేను లేచి దారికి అడ్డం నిలబడి, ఏ హక్కుతో దించుతున్నారని అధికారిని నిలదీశానని రాశాను. బస్సంతా నిశ్శబ్దమైపోయిందని కూడా రాశాను. ఆ వాక్యం బాగా కుదిరిందని సంతోషపడ్డట్టు గుర్తు. ఎందరో పంచుకున్నారు. పత్రికలో వేశారు. దాన్ని చూసే పై చదువుకి సీటు వచ్చింది, సభలకి పిలుపులు వచ్చాయి, చివరికి విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఈ ఉద్యోగం వచ్చింది.

పుట్టిన నేల మీద మమకారంతో వచ్చానని అందరికీ చెప్పాను. ఇక్కణ్ణుంచి కంకిపాడు ఎంత దూరమని? ఆమెను వెతకడానికి వచ్చానా, దగ్గర్లోనే ఉండి వెతక్కుండా ఉండటానికి వచ్చానా? నాకే తెలియదు.

ఆమధ్య కాలేజీ ఫంక్షన్‌లో ఒకమ్మాయి లేచి, "ఆ ఆఫీసర్ని మీరు ఎదిరించిన సంగతి చెప్పండి మేడమ్, ప్లీజ్" అంది. చెప్పాను. చేతులు ఊపుతూ, గొంతు పెంచుతూ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు.

ఆ వచ్చిన ఆదివారం కంకిపాడు బస్సెక్కాను. చేపల మార్కెట్టులో అడిగితే కొట్టు చూపించారు. ఆమె ఐసు ముక్కల మీద చేపలు సర్దుతోంది. కాస్త ఒళ్లు చేసింది.

"ఏం కావాలండీ? బొచ్చె ఉంది, కొరమేను ఉంది."

"లక్ష్మక్కా, నేను..."

"తెలుసండీ. వస్తుంటేనే గుర్తుపట్టాను."

చెయ్యి కడుక్కుని స్టూలు జరిపింది. అడక్కుండానే చెప్పింది, ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు. వారాల తరబడి నిర్బంధంలో ఉంచి, చివరికి ఇండియాకి పంపేశారట. ఆ నిర్బంధంలోంచి ఇంటికి ఫోను కలిసేసరికి ఇక్కడ ఆమె మీద ఆశ వదిలేసుకున్నారట. ఇప్పటికీ తను ఫోను ఎత్తడం ఆలస్యమైతే వాళ్లమ్మ వీధిలోకి పరుగెత్తుకొస్తుందట.

"మీరు రాసింది చదివానండీ. మా తమ్ముడు ఫోన్లో చూపించాడు. వాడికి తెలియదు ఆ మనిషి నేనేనని."

తక్కెడ తుడుస్తూ మళ్లీ అంది.

"రెండు మూడుసార్లు చదివాను. ఆ బస్సులో నిజంగా అట్టాంటి మనిషి ఒకళ్లు ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది."

"అక్కా, నన్ను..."

అప్పుడే ఎవరో పెద్దాయన వచ్చాడు. "చెప్పండి బాబాయ్, ముక్కలు కొట్టించమంటారా?" అని అటు తిరిగింది. మళ్లీ ఇటు తిరగలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

క్షమాపణ చెప్పడానికి వెళ్లానా, పర్లేదు అనిపించుకోడానికి వెళ్లానా? రెండోదే అయ్యుంటుంది. ఆమె ఆ మాట అనలేదు. ఎందుకనాలి?

ఆ వ్యాసం తీసెయ్యాలనుకున్నాను. తీసేస్తే ఇంకోసారి దాచినట్టే. అది అలాగే ఉంది. దాని కిందే ఇది పెడుతున్నాను. పిల్లలు చదువుతారు. ఆ ఏడ్చిన అమ్మాయీ చదువుతుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అయినా గొంతులో కాస్త గాలి ఆడుతోంది.

ఆ బస్సులో ఎవరూ లేచి నిలబడలేదు. నేను కూర్చునే ఉన్నాను. ఆమె నాకు తెలుసు.