విచారణలో నా చేయి

నా తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. దీనికి మాత్రం ఆదివారం పొద్దుటి పూజకు వచ్చిన గుడంతా సాక్షి.

మా కతోలిక తెలుగువాళ్ళ మాటలో విచారణ అంటే గుడీ, దాన్ని అంటిపెట్టుకున్న కుటుంబాలూ. భిలాయి ఉక్కు ప్లాంటులో విచారణ అంటే డ్యూటీలో నిద్రపోయినవాణ్ణి కూర్చోబెట్టి అడగడం. నాకు రెండింట్లోనూ అనుభవం ఉంది. రెండో రకం విచారణలో నన్ను అడిగిన ఆఫీసరే, రిటైరయ్యాక మొదటి రకం విచారణకి పెద్దల సంఘం అధ్యక్షుడయ్యాడు. అప్పుడూ ఇప్పుడూ ఆయన పద్ధతి ఒకటే: "అవునా, కాదా? కథలొద్దు."

నేను గుడి మానేసింది నాస్తికత్వం వల్ల కాదు, నైట్ షిఫ్టుల వల్ల. రిటైరవగానే ఆ సాకు కూడా రిటైరైంది. మా ఆవిడ మోకాళ్ళు మొరాయించడంతో ఆవిణ్ణి స్కూటర్ మీద దింపి, బయట టీ కొట్లో కూర్చునేవాణ్ణి. తర్వాత ఎండలు ముదిరాయి. లోపల ఫ్యాన్లున్నాయి. ఇన్నేళ్ళకి నేను దేవుడి దగ్గరికి తిరిగి రావడం వెనకున్న ఆధ్యాత్మిక రహస్యం అదే.

కొత్తగా వచ్చిన ఫాదరు వయసులో చిన్నవాడు, ఆయన హిందీకి కేరళ యాస. ఆ ఆదివారం పూజ చివర ఒక ప్రకటన చేశాడు. ఎల్జీబీటీక్యూ వాళ్ళకీ, వాళ్ళ కుటుంబాలకీ హాల్లో టీ ఏర్పాటు చేస్తున్నామనీ, సాయం చేసేవాళ్ళు చేతులెత్తాలనీ.

ప్లాంటులో బతికినవాడికి ఇలాంటి అక్షరాలు కొత్తా? అక్కడ మనుషులకన్నా విభాగాలకే పొడి అక్షరాల పేర్లు ఎక్కువ. ఎల్ అంటే నేను పనిచేసిన లోకో, రైలింజన్ల విభాగం. జి గ్యాస్. బి బ్లాస్ట్ ఫర్నేస్. టి ట్రాన్స్‌పోర్ట్. క్యూ ఒక్కటే కొరుకుడు పడలేదు గానీ, టీ పోస్తామంటే క్యూ తప్పదు కదా అని సర్దుకున్నాను. ప్లాంటు వాళ్ళని ఇంత గుర్తుపెట్టుకున్న ఫాదరు మీద ప్రేమ పొంగుకొచ్చింది. లేచి నిలబడి చేయెత్తాను.

"మై భీ వహీ హూఁ, ఫాదర్. తీస్ సాల్. అభీ రిటైర్ హో గయా."

నేనూ అదేనని, ముప్ఫై ఏళ్ళుగా అదేనని, ఈమధ్యే విరమించానని గుడి మొత్తానికి వినపడేలా చెప్పానన్నమాట. ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. మా ఆవిడ చొక్కా పట్టి లాగింది. "కూకోండి, పరువు తీసీకండి."

బయట స్కూటర్ దగ్గర మా తెలుగు కోయిర్‌కి కీబోర్డు వాయించే అమ్మాయి పట్టుకుంది. పక్కనే ఉన్న ఉతై ఊళ్ళో టీచరు. మా వీధిలోనే పెరిగింది, నన్ను బాబాయ్ అంటుంది.

"ఏటి బాబాయ్, ముప్ఫై ఏళ్ళూ పిన్నికి తెలీకుండా దాచీసినావా?"

"లోకోలో పనిచేసినట్టు మీ పిన్నికి తెలీదేటి?"

నవ్వలేక మెట్టు మీద కూలబడింది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ ఒక్కో అక్షరానికీ అర్థం చెప్పింది. అబ్బాయిల్ని ఇష్టపడే అబ్బాయిలు, అమ్మాయిల్ని ఇష్టపడే అమ్మాయిలు, ఇంకా మిగతావాళ్ళు. నేను నా బ్లాస్ట్ ఫర్నేస్‌ని మెల్లగా వెనక్కి తీసుకున్నాను.

"ఎల్ అంటే లోకో కాదు బాబాయ్," అంది, ఈసారి నవ్వకుండా. "నాతో ఉంటాదే, మీరంతా రూమ్మేట్ అంటారే. ఎల్ అంటే మేమిద్దరం."

"ఆమెకి కూడా టీ ఇస్తారు కదా," అన్నాను. ఎందుకన్నానో నాకూ తెలీదు.

"అధ్యక్షుడు సార్‌కి నా మీద అనుమానం వచ్చీసింది. ఈ టీ మీద మీటింగు పెట్టి అందరి ముందూ అడుగుతాడట. అడిగితే అబద్ధం చెప్పను బాబాయ్. నిజం చెప్పి మళ్ళీ ఆ కీబోర్డు దగ్గర కూర్చోనూలేను. ఆ తర్వాతింక ఈ గుడికి రాను, బస్."

మీటింగు తర్వాతి ఆదివారమే, పూజ అయ్యాక హాల్లో. పిల్లలు పాడైపోతారన్నారు కొందరు. ఏసు ఎవరెవరితో భోజనం చేశాడో చదువుకోమన్నారు కొందరు. టీతో పాటు ఏం పెడతారో తెలుసుకోవాలని నాకుంది గానీ అడగలేదు.

"గుడికి ఎవరొచ్చినా మనం ఆపలేదు," అన్నాడు అధ్యక్షుడు. "ప్రత్యేకంగా పిలిచి మర్యాద చేస్తే, వాళ్ళు చేసేదానికి ఒప్పుకున్నట్టే కదా?"

"నేను సిద్ధాంతం మార్చడం లేదు, టీ కాస్తున్నాను," అన్నాడు ఫాదరు.

"సరే. అసలు మన విచారణలో అలాంటివాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? అవునా, కాదా?"

అని ఆయన, ప్రార్థన పాటకని హాల్లో పెట్టిన కీబోర్డు వైపు తిరిగాడు. ఆయనతో పాటు సగం హాలు తిరిగింది. ఆ అమ్మాయి వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. కుర్చీ వెనక్కి జరిపి లేవబోయింది.

ఆమెకన్నా ముందు నేను లేచాను. ఈసారి అర్థం తెలిసే చేయెత్తాను.

"అవును సార్."

"ఎవరు?"

"పోయిన ఆదివారం మీ ముందే ఒప్పుకున్నాను కదా. ముప్ఫై ఏళ్ళు."

"నీకు పెళ్ళాం ఉందయ్యా. మనవలున్నారు. ఏంటీ కథలు?"

"కథలొద్దన్నారనే ఒక్క ముక్కలో చెప్పాను సార్."

ఆయన మా ఆవిడ వైపు చూశాడు, సాక్ష్యం కోసం. ఆవిడ మోకాలు రాసుకుంటూ, "ఆయన సంగతి నన్నడిగితే నాకేటి తెలుస్తాది బాబూ," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వులో ప్రశ్న ఎటో కొట్టుకుపోయింది. ఆ అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది. ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. టీకి మాత్రం ఫాదరు రోజు ఖాయం చేశాడు.

ఆ రోజు టీ పోసే పని నాది. ఎంతోమంది రాలేదు గానీ వచ్చినవాళ్ళు తొందరగా వెళ్ళలేదు. అధ్యక్షుడు సతీసమేతంగా వచ్చాడు, పరిశీలనకట. మిరపకాయ బజ్జీల వాసన తగిలాక పరిశీలన పొయ్యి దాకా వచ్చింది. నేరుగా వచ్చి చేయి చాచాడు.

"క్యూలో రండి సార్," అన్నాను.

ముందు టీచరు, ఆ ముందు ఆమె 'రూమ్మేట్'. ఆయన అటూ ఇటూ చూసి వాళ్ళ వెనకే నిలబడ్డాడు. వంతు వచ్చింది. ఆయనకి షుగరుందని విచారణంతా ఎరుగును. పక్కనే వాళ్ళావిడ కళ్ళప్పగించి చూస్తోంది. నేను చక్కెర చెంచా గ్లాసు మీద ఎత్తి పట్టుకున్నాను.

"చక్కెర. అవునా, కాదా? కథలొద్దు సార్."