ఎర్రసిరా కోసం వదిలిన తప్పు

లారీల యార్డులో ఆవిడని అందరూ 'ఒక్కతప్పు అక్క' అనేవాళ్ళు. చాటుగా కాదు, ముఖం మీదే. సరిహద్దు దాటే సరుకుకి కస్టమ్స్ కాగితాలు రాసిపెట్టడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే బల్ల. చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది. ఏ సరుకు ఏ పద్దు కిందకి వస్తుందో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. అయినా ప్రతి కాగితంలోనూ ఎక్కడో ఒకచోట ఒకే ఒక్క తప్పు దొర్లుతుంది. ఓసారి తేదీ, ఓసారి పెట్టెల లెక్క, ఓసారి లారీ నంబరులో ఒక అంకె.

అసలు సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మనకి తెలుస్తుంది. ఆ తప్పు దొర్లేది కాదు, ఆవిడ కావాలని వదిలేది.

పనిలో చేరిన కొత్తలో ఆవిడ కాగితాలు కడిగిన అద్దంలా ఉండేవి. గేటు దగ్గర ఎర్రసిరా పెన్నుతో కూర్చునే అధికారికి ఆ శుభ్రమే కంటగింపు అయింది. "ఇంత శుభ్రంగా రాశారంటే ఏదో దాస్తున్నారన్న మాట" అని లారీలో సరుకంతా కిందకి దింపించాడు. ఏమీ దొరకలేదు. అయినా ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు! రెండోసారీ దింపించాడు, మూడోసారీ దింపించాడు. నాలుగోసారి ఆవిడ తొందరలో పోయిన నెల తేదీ వేసింది. ఆయన ముఖం వికసించింది. ఎర్రగా కొట్టేసి, పక్కన దిద్ది, "చూసుకుని రాయాలమ్మా" అని మందలించి, రెండు నిమిషాల్లో స్టాంపు గుద్ది పంపేశాడు. ఆ రోజునుంచీ పసిపిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు ఆవిడ ప్రతి కాగితానికీ ఒక తప్పు పెట్టింది. లారీలు ఆగలేదు. ఆవిడ పేరు మాత్రం పోయింది.

అలాంటి ఆవిడకి ఒకరోజు కబురు తెలిసింది. వచ్చే నెలనుంచి కాగితాలు చెల్లవు. వివరాలన్నీ లారీ బయలుదేరకముందే కంప్యూటరులో పంపాలి. గేటు దగ్గర మనిషి చదవడు, యంత్రం చదువుతుంది. అన్నీ సరిపోతే పచ్చదీపం, ఒక్కటి తేడా వచ్చినా ఎర్రదీపం.

మిగతా గుమాస్తాలు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. ఈవిడ మాత్రం యాభై మూడేళ్ళ వయసులో ఎగిరి గంతేసినంత పని చేసింది. ఎందుకు చేయదు? శుభ్రంగా రాస్తే అనుమానించని అధికారి ఇన్నాళ్ళకి దొరికాడు! శిక్షణ తరగతికి అందరికంటే ముందు వెళ్ళి ముందు బల్ల మీద కూర్చుంది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే యార్డుకి తెచ్చి, పన్నెండు మంది చిన్న లారీల యజమానులకి చెప్పింది. అందులో ఒకాయన రబ్బరు స్టాంపు, సిరాపెట్టె పట్టుకొచ్చి తెర మీద ఎక్కడ గుద్దాలని అడిగాడు. ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, స్టాంపు లాక్కుని సొరుగులో పడేసి తాళం వేసింది. వారం తిరిగేసరికి ఆ పెద్దమనిషే పక్కవాళ్ళకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

అయితే ఒక మెలిక ఉంది. సొంతంగా వివరాలు పంపుకునే అనుమతి కావాలంటే ముందు ఒక పరీక్ష లారీ ఏ లోపమూ లేకుండా గేటు దాటాలి. లోపం వస్తే ఆ యార్డు మొత్తం ఏడాదిపాటు పెద్ద కంపెనీ కింద చేరాలి. పెద్ద కంపెనీ కిందకి వెళ్ళిన చిన్న లారీ మళ్ళీ సొంతంగా తిరిగిన దాఖలా లేదు. అందుకే సంఘం పెద్ద, అందరూ మీసాల బాబాయి అనే ఆయన, తన లారీనే పరీక్షకి ఇచ్చాడు. రెండువందల నలభై కుట్టుమిషన్లు ఎక్కించారు.

"అమ్మాయ్, ఇవాళ ఒక్కరోజు ఆ ఒక్క తప్పు ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

"అలాగే బాబాయ్" అని ఆవిడ నవ్వింది.

ఉదయం తొమ్మిదింటికి పన్నెండు మందీ ఆవిడ కుర్చీ వెనక గుమిగూడారు. ఆవిడ వేళ్ళు చకచకా కదిలాయి. సబ్మిట్ నొక్కింది. 'అందినది' అని తెర మీద పడగానే గదిలో ఈలలు. లారీ బయలుదేరింది. గేటుకి గంట ప్రయాణం. ఆవిడకి ఆనందంతో కాలు ఒకచోట నిలవలేదు. నలభై నిమిషాలు గడిచాక, పంపిన వివరాల్ని తనివితీరా ఇంకోసారి చూసుకుందామని కూర్చుంది.

బరువు 9,460 కిలోలు.

తూకం చీటీ తీసి చూసింది. 9,640.  మనసు మానుకున్నా చెయ్యి మానుకోలేదు. ఇరవై రెండేళ్ళు తిప్పిన అంకెల్ని చెయ్యి దానంతటదే తిప్పేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మరి బతుకుతెరువు కోసం నేర్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా!

దారి ఒక్కటే ఉంది. లారీ గేటు చేరేలోపు మనమే దిద్దుకుంటే లోపం కింద రాదు. ఆవిడ దిద్దుబాటు పేజీ తెరిచింది. లారీ యజమాని ఫోనుకి ఆరంకెల సంఖ్య వెళ్ళింది. అది కొడితేనే దిద్దుబాటు సాగుతుంది. అంటే బాబాయికి చెప్పాలి, అదీ పన్నెండు మంది ఎదుట.

"బాబాయ్, నీ ఫోనులో ఒక నంబరు వచ్చింది, చెప్పు. బరువు తప్పు వేశాను."

 బాబాయి మీసాలు అదిరాయి. "ఇవాళ కూడానా! ఒక్కరోజు చూసుకుని రాయలేకపోయావా?"

"చూసుకోక వచ్చిన తప్పులు కావు బాబాయ్ అవి. అన్నీ కావాలని పెట్టినవే." ఆవిడ ఆగలేదు. ఎర్రసిరా సంగతి, మూడుసార్లు దింపిన సరుకు సంగతి గబగబా చెప్పేసింది. "తప్పుంటేనే మీ లారీలు వదిలాడు. అందుకని పెట్టాను. ఇవాళ్టిది మాత్రం నేను పెట్టలేదు, చెయ్యి పెట్టేసింది. నన్ను తర్వాత తిట్టు. ముందు నంబరు చెప్పు."

బాబాయి కళ్ళద్దాల కోసం జేబులన్నీ తడుముకుని, అంకెలు ఒక్కొక్కటీ గట్టిగా చదివాడు. ఈలోగా స్టాంపు పెద్దమనిషి డ్రైవరుకి ఫోను కలిపాడు.

"అక్కా, దుమ్ము రేపుకుంటూ వచ్చేశా! ఇంకో రెండు మలుపులు, అంతే!" డ్రైవరు గొంతులో హుషారు.

"ఒరేయ్, ఆపు! పక్కన ఆపి టీ తాగు!"

"టీయా? ఇన్నేళ్ళలో టీ కోసం ఆగితే తిట్టావు గానీ..."

"తాగమంటే తాగు! రెండు తాగు!"

తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. 'దిద్దుబాటు స్వీకరించబడినది' అని పడేసరికి ఆవిడ చీర చెంగు చెమటతో తడిసిపోయింది. డ్రైవరుని బయలుదేరమన్నారు. పావుగంట ఎవరూ కుర్చీలో కూర్చోలేదు. ఫోను మోగింది.

"పచ్చదీపం అక్కా! ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. దాటేశా!"

యార్డు దద్దరిల్లింది. బాబాయి తన వయసు మరిచిపోయి బల్ల మీద దరువు వేశాడు. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు.

ఇంతలో తెర మీద అనుమతి పత్రం తెరుచుకుంది. 'వివరాలకు బాధ్యులు' అని ఒక గడి ఖాళీగా ఉంది. కాగితాల కాలంలో ఆ చోట ఎప్పుడూ లారీ యజమాని సంతకమే ఉండేది. ఆవిడ లేచి, పేరు కొట్టమని బాబాయి వైపు కుర్చీ జరిపింది.

"నాదెందుకు?" అన్నాడు బాబాయి. "ఇరవై రెండేళ్ళు మా లారీల కోసం చెడ్డపేరు మోసింది ఎవరు? నీ పేరు కొట్టు."

ఆవిడ కుర్చీ మళ్ళీ వెనక్కి లాక్కుని కూర్చుంది. తర్వాత ఇంటిపేరుతో సహా పూర్తిగా కొట్టింది. పన్నెండు మందీ ముందుకి వంగి, ఆవిడ పేరేమిటో మొదటిసారి చదివారు.