రొట్టి మీద ఇస్త్రీపెట్టె

కాలిన చొక్కా పట్టుకుని ఆదివారం పొద్దున్నే మీరా సాహెబ్ ఇంటికి వెళ్లాను. నాలుగు దులిపేద్దామనే వెళ్లాను. ఏళ్ల తరబడి మా వీధికి ఇస్త్రీ చేసిన మనిషి! బొగ్గుల పెట్టె అడుగు చిల్లుపడితే కొడుకు జమీల్ కరెంటు పెట్టె కొనిచ్చాడు. అంతే, వచ్చిన బట్టకల్లా మచ్చే.

"తప్పయిపోనాది బాబూ. ఏటో, ఆ పెట్టె నాకు అంతుసిక్కట్లేదు. ఇస్త్రీ బండి అమ్మేత్తాను," అన్నాడు.

ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది. బండి లేని మీరా సాహెబ్‌ని ఊహించుకోలేకపోయాను.

వంటింట్లో ఆయన భార్య ఖైరున్నీసా మినపరొట్టి వేస్తోంది. ఇనప మూకుడులో మందంగా పిండి, పైన ఇనప పళ్లెం మూత. పైవైపు కాలడానికి ఇన్నాళ్లూ నిప్పులున్న ఇస్త్రీపెట్టెనే మూత మీద పెట్టేవారట! నా చొక్కాలు ఒక్కోసారి కమ్మటి వాసన ఎందుకేసేవో ఇప్పుడు తెలిసింది.

"పైన పచ్చిగా ఉండిపోతంది. కొత్తపెట్టె ఎట్టి సూద్దారి," అందామె.

మీరా సాహెబ్ బెదురుగానే పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి ఆరిపోయింది. వెంటనే ఆయన చెయ్యి పెట్టె మీద వేడి పెంచే చక్రం మీదికి పోయింది.

"ఎందుకు నాన్నా పెంచుతున్నావు?" అన్నాడు పక్కనే ఉన్న జమీల్.

"ఆరిపోనాది కదరా! సల్లారిపోదేటి?"

జమీల్ నా మొహం చూశాడు, నేను జమీల్ మొహం చూశాను. లైటు ఆరినప్పుడల్లా ఈయన చక్రం పెంచుతున్నాడన్నమాట!

"చాలినంత వేడెక్కితే అదే ఆరుతుంది నాన్నా."

"బొగ్గు ఎర్రగుంటే యేడి, ఆరితే బూడిద. ఆరినాక యేడేటిరా?" ఆయనకి మరీ అయోమయంగా ఉంది.

ఖైరున్నీసా కింద గ్యాసు కట్టేసి, తడివేళ్లతో పెట్టె పక్కనే మూత పళ్లెం మీద నీళ్లు చిలకరించింది. చుయ్‌మన్నాయి. లైటు వెలగనేలేదు. మీరా సాహెబ్ తనూ చిలకరించాడు. మళ్లీ చుయ్‌మన్నాయి.

మూత తీస్తే రొట్టి పైన కూడా ఎర్రగా కాలింది. ఆయన వేడివేడిగా తుంచి, బెల్లం పానకం పోసి నాకే ముందు పెట్టాడు. నేను తింటుంటే నా చొక్కా తీసుకుని, పెట్టె అడుగు తుడిచి, ఇస్త్రీ మొదలుపెట్టాడు. మచ్చ ఎలాగూ పోదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

లైటు ఆరిపోయింది. ఆయన చెయ్యి చక్రం వైపు పోలేదు.

"రేపటికి బట్టలేవన్నా ఉంటే అట్టుకురండి బాబూ," అన్నాడు.