పది నిమిషాల తేడా

2012 జూన్ మొదటి వారంలో నన్ను మేడ్చల్, శామీర్‌పేట మండలాల కిశోర బాలికల ఆరోగ్య కార్యక్రమానికి డిప్యుటేషన్ మీద పంపారు. ఆ రెండు మండలాలూ అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. నా హోదా ఉప గణాంకాధికారి. మందులివ్వడం, వైద్యం చేయడం నా పని కాదు. ఇచ్చిన మందు వల్ల ఏమైనా మారిందా అన్నది కొలిచి, కాగితం మీద చెప్పడమే నా పని.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఆడపిల్లలకు వారానికొక ఐరన్ మాత్ర ఇచ్చేవారు. మాత్రలు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు నెలల తరువాత మరొకసారి పిల్లల హిమోగ్లోబిన్ చూడాలి. రెండింటి మధ్య తేడాయే కార్యక్రమం ఫలితం. ఈ పరీక్ష చేసేది ఉపకేంద్రాల ఏఎన్ఎంలు. ఊళ్లలో వాళ్లను నర్సమ్మ అంటారు.

పరీక్ష పాతకాలపుదే. గీతలున్న సన్నని గాజు గొట్టంలో అడుగు గీత వరకు పలుచని ఆమ్లం పోస్తారు. వేలి చివర సూదితో పొడిచి, కొలత ప్రకారం తీసిన రక్తాన్ని అందులో కలుపుతారు. అది క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్కన నమూనాగా ఒక రంగు గాజు ఉంటుంది. గొట్టంలోని రంగు దానితో సరిపోయేదాకా చుక్కచుక్కగా నీరు కలిపి, మట్టం ఏ గీత దగ్గర ఆగితే ఆ అంకె రాసుకుంటారు. నీరు ఎక్కువ పట్టిందంటే రక్తం బాగున్నట్టు.

2013 జనవరిలో రెండో విడత పూర్తయింది. ఒక్క ఉపకేంద్రం తప్ప అన్నిచోట్లా అంకెలు పెరిగాయి. పెరగనిది శామీర్‌పేట మండలంలోని ఒక ఊరు. అక్కడి ఏఎన్ఎం యాదమ్మ కాంట్రాక్టు ఉద్యోగి. నేను పంపిన నివేదికలో ఆ ఉపకేంద్రం ఎదురుగా ‘మాత్రల పంపిణీ సక్రమంగా జరిగినట్లు కనబడదు’ అని రాశాను. ఆ ఒక్క వాక్యం ఆధారంగా ఆమెకు మెమో ఇచ్చారు. కాంట్రాక్టు ఏటా మార్చి ఆఖరున పొడిగిస్తారు. ఫైలులో మెమో ఉన్నవారికి పొడిగింపు రావడం అరుదు.

విచారణకు ఫిబ్రవరిలో నన్నే పంపారు. యాదమ్మకు ముప్పై అయిదేళ్లుంటాయి. రిజిస్టర్లు ముందే బల్ల మీద వరుసగా పెట్టి ఉంచింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“గోలీలు నా చేతుల మీదనే ఇచ్చిన సార్. మింగినంక నోరు తెరిపిచ్చి జూసిన. అయినా రక్తం పెరగకపోతె నేనేం జేస్తును? అందరి లెక్క నేను గూడ రెండు పాయింట్లు ఎక్కిచ్చి రాస్తె గీ మెమో రాకపోవు గద.”

ఇతరులు దొంగ అంకెలు రాశారన్నది ఆమె అనుమానం. ఆమే పని ఎగ్గొట్టిందన్నది నాది. ఇద్దరిదీ తప్పేనని ఆ పూటే తేలింది.

మచ్చుకు కొందరు పిల్లలకు నా ఎదుట మళ్లీ పరీక్ష చేయమన్నాను. ఇద్దరం బడికి వెళ్లాం. ప్రధానోపాధ్యాయుడు ఆమెను చూడగానే నా వైపు తిరిగాడు.

“నర్సమ్మ వచ్చిందంటె మాకు రెండు పీరియడ్లు పోయినట్టే సార్. పోయిన జులైల పక్కూరి బళ్లె గంటల ఖతం జేసి పోయిన్రట. ఈమెనేమో గడియారం జూస్కుంట కూసుంటది.”

వరండాలో పిల్లలు వరుసలో నిలబడ్డారు. యాదమ్మ నాలుగు గొట్టాల్లో నలుగురి రక్తం కలిపి, వాచీ తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

“ఏంది నర్సమ్మా, చాయ్ మరగవెట్టినవా?” అని వెనక నుంచి ఒక పిల్ల అంది.

“నోర్మూసుకొని వేలికి దూది ఒత్తిపెట్టుకో. మరిగినంక నీకే పోస్త.”

ఎందుకు ఆగావని అడిగాను. “రంగు పూర్తిగా దిగాలె గద సార్. పది నిమిషాలు. నౌకరీ రాకముందు మేడ్చల్‌ల ఒక ల్యాబుల రెండేండ్లు జేసిన. మా మేడం గడియారం జూడంది గొట్టం ముట్టనియ్యకపోయేది.”

ఇతరులు ఆగరా అంటే, మొదటి విడతలో ఎవరూ ఆగలేదని, రెండో విడతకు ముందు ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి శిక్షణ ఇచ్చాక ఆగడం మొదలుపెట్టారని చెప్పింది. ఆ శిక్షణ రోజు నేను జిల్లా సమావేశంలో ఉన్నాను.

తరువాతి పిల్ల తొమ్మిదో తరగతి నూర్జహాన్. ఆమె రక్తాన్ని కలిపిన నిమిషానికే రంగు పోల్చి చదవమన్నాను. ఎనిమిదిన్నర వచ్చింది. అదే గొట్టాన్ని పది నిమిషాలు అలాగే ఉంచి, ముదిరిన రంగుకు మళ్లీ నీరు కలిపించాను. పది వచ్చింది. ఆ పిల్ల గొట్టాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

“పది నిమిషాలల్లనే రక్తం పెరిగిందా సార్? గట్లయితె మాకు గోలీలెందుకు?”

పిల్లలందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండు మండలాల్లో ఆరు నెలల మాత్రల ఫలితంగా నేను చూపిన పెరుగుదల ఇంచుమించు అంతే.

సాయంత్రం ఇంటికి వచ్చి పాత డైరీ తీశాను. జూలైలో ఒక తేదీ కింద నా చేతిరాత: ‘పరీక్ష సూచనలు మూడు పేజీలు. ఒక పేజీకి కుదించమన్నారు. కుదించాను.’ ఆ పత్రం నకలు కూడా దొరికింది. ‘పది నిమిషాలు ఆగి’ అన్న మాట పోయి, ‘రంగు మారిన పిదప నీరు కలపవలెను’ అని ఉంది. రంగు మారడం వెంటనే మొదలవుతుంది. నా పత్రం చదివినవాళ్లు నేను చెప్పినట్టే చేశారు. నా పత్రాన్ని కాక, తాను నేర్చుకున్న పద్ధతిని పాటించిన యాదమ్మ ఒక్కతే రెండుసార్లూ సరిగా కొలిచింది.

మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె మంచి మనిషి. యాదమ్మ సంజాయిషీ సంతృప్తికరమని రాసి మెమో మూసేద్దామని, నివేదిక జోలికి పోవద్దని అన్నారు. ఆ నివేదిక చూసే జిల్లా నుంచి మాకు ప్రశంసాపత్రం వచ్చింది. మరో రెండు మండలాలకు కార్యక్రమం మంజూరయ్యే దశలో ఉంది. నేను ఒప్పుకోలేకపోయాను. నా నివేదికను నమ్మి, తీవ్ర రక్తహీనత జాబితా నుంచి కోలుకున్నారంటూ కొందరు పిల్లల పేర్లు కొట్టేశారు. వాళ్లకు డాక్టరు పరీక్ష ఆగిపోయింది. నిజానికి వాళ్లలో ఎవరు కోలుకున్నారో, ఎవరు ఎక్కడున్నవారు అక్కడే ఉన్నారో చెప్పే ఆధారం మా దగ్గర లేదు.

రెండు పేజీల నోట్ రాశాను. మొదటి విడత అంకెలు పోలికకు పనికిరావని, కారణం నా సూచనల పత్రమని, యాదమ్మ లెక్కలు మాత్రమే నమ్మదగినవని అందులో చెప్పాను. డాక్టరమ్మ రెండు రోజులు ఉంచుకుని, సంతకం చేసి పైకి పంపారు.

మార్చి మూడో వారంలో మెమో రద్దయింది. యాదమ్మకు పొడిగింపు వచ్చింది. కొట్టేసిన పేర్లన్నీ మళ్లీ జాబితాలో చేర్చి పిల్లలను డాక్టరు పరీక్షకు పిలిపించారు. కొత్త మండలాల మంజూరు ఏడాది ఆగింది. నాకూ ఒక మెమో వచ్చింది. సంజాయిషీగా జరిగింది జరిగినట్టు రాశాను; భవిష్యత్తులో జాగ్రత్త వహించమని హెచ్చరించి వదిలేశారు. యాదమ్మ ఊళ్లో సరిగా ఇచ్చిన మాత్రలు కూడా ఎందుకు పనిచేయలేదన్న అసలు ప్రశ్న అప్పుడుగానీ మా ముందుకు రాలేదు. పొద్దున తినకుండా వచ్చే పిల్లలు మాత్ర మింగి వాంతి చేసుకుంటున్నారని ఆమె అంతకు ముందే ఆరోగ్య కేంద్రానికి రెండుసార్లు రాసిందట. మిగతాచోట్ల అంకెలు పెరిగాయన్న ధీమాలో ఆ ఉత్తరాలను ఎవరూ తెరిచి చూడలేదు. తరువాతి విడత నుంచి మాత్ర మధ్యాహ్న భోజనం తరువాతకు మారింది. ఫారంలో రక్తం తీసిన సమయానికీ, చదివిన సమయానికీ రెండు గడులు చేర్చాను.

తగ్గిన అంకెకు మా శాఖలో వెంటనే విచారణ పడుతుంది, పెరిగిన అంకెకు ప్రశంసాపత్రం వస్తుంది. ఆ తరువాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పెరిగిన అంకె ఉన్న ఊరికే ముందు వెళ్లాను.