నన్నే అడగమన్న డాక్టరుగారు

ఆ రోజు పొద్దున మగ్గం మీద కూర్చుంటే కుడిచేతిలోంచి, దారాల మధ్య అటూ ఇటూ విసిరే నాడె జారిపోయింది. తీద్దామంటే వేళ్లు ముడుచుకోలేదు. పక్కింటి సుబ్బలక్ష్మి పలకరిస్తే నా నోట్లోంచి అర్థంలేని శబ్దమేదో వచ్చింది. ఆమె మా మరిదికి ఫోన్ చేసి, నన్ను ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకువెళ్లింది.

సి.టి. స్కాన్ తీశారు. "స్ట్రోకండి. మాట పడిపోవడాన్ని అఫేసియా అంటారు," అని డాక్టరుగారు మరిదికి చెప్పారు. ఆ మాటలన్నీ నాకు అర్థమవుతూనే ఉన్నాయి.

నాకు అరవై తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. భర్త పోయాక బండారులంకలో ఒక్కదాన్నే చీరలు నేసుకుంటూ బతికాను.

వారానికి, చచ్చుబడిన కుడికాలు కదిలింది, మాట రాలేదు. మరిది నా మంచం పక్కనే నిలబడి సుబ్బలక్ష్మితో అన్నాడు: "వదినగారికి ఇంకేం తెలవట్లేదండి. వృద్ధాశ్రమంలో చేర్పించేసి, మగ్గం విప్పించేద్దాం." చెడ్డవాడు కాదు. రోజూ ఇడ్లీ తెచ్చి తినిపించినవాడే. మర్నాడు ఆశ్రమం కాగితం తెచ్చి నా వేలికి ఇంకు రాయబోయాడు. బలమున్న ఎడమచేత్తో నెట్టేశాను.

అప్పుడే డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చారు.

"ఆవిణ్ణి అడిగేరా?"

"ఏం అడుగుతామండి, మాటే లేదు కదా."

డాక్టరుగారు స్టూలు లాక్కుని నాకెదురుగా కూర్చున్నారు. "అమ్మా, ఔనంటే నా చెయ్యి ఒకసారి నొక్కండి, కాదంటే రెండుసార్లు. ఈయన మీ అన్నగారా?"

రెండుసార్లు నొక్కాను.

"మరిదిగారా?"

ఒకసారి.

"ఆశ్రమానికి వెళ్తారా?"

రెండుసార్లు. "ఇంటికే వెళ్తారా?" అన్నప్పుడు నొక్కిన చెయ్యి ఇక వదల్లేదు.

"మొదట్నుంచీ అన్నీ తెలుస్తున్నాయండీ ఈవిడకి. ఒప్పుకోకుండా ఎక్కడికీ పంపకూడదు," అన్నారు డాక్టరుగారు. మరిది కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆయ్," అని తలదించుకున్నాడు.

ఇంటికి వచ్చిన నెలకే బాత్‌రూములో పడ్డాను. మణికట్టు విరిగింది. ఇక పంపేస్తారనుకున్నాను. మరిది వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "వదినగారూ, ఇక్కడే ఉంటారా, ఆశ్రమానికెళ్తారా? మీరే చెప్పండి," అని ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"ఇక్కడే," అన్నాను. స్ట్రోక్ తర్వాత నా నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే. సాయంత్రానికి బాత్‌రూములో పట్టుకోడానికి ఇనుప కడ్డీ బిగించాడు.

స్ట్రోక్ వచ్చి ఇప్పటికి పది నెలలైంది. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీకి వెళ్తున్నాను. నేత ఇంకా కుదరట్లేదు. నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతున్నాను. ఇదంతా నేను మెల్లగా చెబుతుంటే సుబ్బలక్ష్మి రెండు రోజులు కూర్చుని రాసింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి మాట పడిపోతే, ఏ కాగితం మీదా వేలిముద్ర వేయించకండి. ముందు ఎదురుగా కూర్చుని, ఔనో కాదో చెప్పగలిగే ప్రశ్న ఒక్కటే అడగండి. జవాబు వచ్చేదాకా కదలకండి.